పక్కింటి పిచ్చుకలు

ఫెమ్కె గడ్డపారతో ఇంటి ముందున్న చివరి సిమెంటు పలకను లేపుతోంది. పలకలు తీసిన చోటల్లా పూలమొక్కలు, వాటి నిండా పిచ్చుకలు. పక్కింటి ఔకె కంచె మీద మోచేతులు ఆనించి చాలాసేపటినుంచి వాటినే చూస్తున్నాడు.

"నా వాకిలి అద్దంలా ఉంటుంది. ఒక్కటీ వాలదు. ఏం పెట్టి మచ్చిక చేసుకున్నావు వాటిని?"

"పురుగులు, బాబాయ్. మట్టి ఉంటే అవే వస్తాయి. నీ పలకల మీద ఏం తింటాయి?"

"అయితే అన్నీ నీవే అన్నమాట."

"నావెక్కడివి? పైకి చూడు."

ముక్కున పురుగుతో ఒక పిచ్చుక ఔకె తల మీదుగా ఎగిరి, అతని ఇంటి పెంకుల సందులోకి దూరింది. లోపల పిల్లలు గోల చేశాయి.

ఔకె ఆ సందునే చూస్తూ ఉండిపోయాడు. తర్వాత కంచె మీదుగా చెయ్యి చాపాడు.

"ఆ గడ్డపార ఇటియ్యి. నా ఇంటి పిల్లలకి పక్కింటి తిండేంటి."