లిఫ్టు బాగయ్యేలోపు

ఐదో అంతస్తులో లిఫ్టు ముందు ‘రిపేరు జరుగుతోంది’ అన్న అట్ట వేలాడుతోంది.

అది చూడగానే బుల్లెమ్మ నేల మీద పడి కేకలు లంకించుకుంది.

ఆరేళ్ల పిల్ల. రోజూ బడికి వెళ్లేటప్పుడు లిఫ్టులో సున్నా మీట తనే నొక్కాలి. అది నొక్కందే దానికి తెల్లారదు.

“మెట్ల మీంచి దిగుదాం తల్లీ, నా బంగారం కదూ!” అమ్మ బతిమాలింది.

పక్కింటావిడ తలుపు సందులోంచి తొంగి చూసింది.

“గారాబం ఎక్కువైందమ్మాయ్! రెండు తగిలిస్తే దారికొస్తుంది.”

ఆటిజం అని డాక్టరు చెప్పి నెలయింది. ఆ సంగతి నలుగురికీ ఎలా చెప్పాలో అమ్మకింకా చేతకావడం లేదు.

లిఫ్టు పక్కన పట్టా పరుచుకుని, గోడకి డ్రిల్లింగు మిషను పెట్టి గుర్రుమనిపిస్తున్న మెకానిక్కు తలైనా తిప్పలేదు. నలభై ఏళ్ల మనిషి.

“ఎంతసేపు పడుతుందండీ?” అమ్మ అడిగింది.

మిషను గుర్రుమంటూనే ఉంది.

“మిమ్మల్నే!”

అతను మిషను ఆపాడు.

“మాట్లాడకండి,” అన్నాడు, చేతిలోని బోల్టుకి చెబుతున్నట్టు. “పాపకి చప్పుడు ఎక్కువైంది.”

అమ్మకు ఒళ్లు మండింది. అతని పనిముట్ల పెట్టె మీదున్న నంబరుకు ఫోన్ చేసింది.

“ఎవర్నండీ పంపారు? మొహం చూసి మాట్లాడడు, మర్యాద తెలీదు. ఇంకోసారి ఈయన్ని పంపకండి!”

అవతల ఓ పెద్దావిడ గొంతు.

“పనిలో మాత్రం వంక పెట్టలేరమ్మా. ఒక్క గంట ఓపిక పట్టండి.”

ఫోన్ పెట్టేసి చూస్తే, కేకలు ఆగిపోయి ఉన్నాయి.

మెకానిక్కు పట్టా మీద నట్లు వరసగా పేరుస్తున్నాడు. పెద్దది, దాని పక్కన కాస్త చిన్నది, ఆ పక్కన ఇంకా చిన్నది. పాపను రమ్మనలేదు. కన్నెత్తి చూడనైనా లేదు.

బుల్లెమ్మ జరుక్కుంటూ జరుక్కుంటూ వెళ్లి పట్టా అంచున చేరింది.

అతను కావాలనే ఒక నట్టు తప్పు చోట పెట్టాడు.

బుల్లెమ్మ దాన్ని తీసి సరైన చోట పెట్టింది.

మళ్లీ తప్పు పెట్టాడు. మళ్లీ సరిచేసింది. ఈసారి కిసుక్కుమంది.

“ఊఁ... ఊఁ... టక్!” అన్నాడతను. అచ్చం లిఫ్టు ఆగే చప్పుడే.

“ఊఁ... ఊఁ... టక్!” అంది బుల్లెమ్మ.

అమ్మ నోరు తెరుచుకుని ఉండిపోయింది. తన ఆటలోకి ఇంతవరకూ ఎవర్నీ రానివ్వని పిల్ల!

బుల్లెమ్మ లేచి వచ్చింది. అమ్మ వేలు పట్టుకుని పట్టా దగ్గరికి లాక్కెళ్లింది. అరచేతిలో ఒక నట్టు పెట్టింది.

అమ్మ దాన్ని వరసలో పెట్టింది, తప్పు చోట.

బుల్లెమ్మ పకపకా నవ్వింది. అమ్మకు నవ్వూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. ఏది ఆపుకోవాలో తెలియక రెండూ కానిచ్చేసింది.

బడి సంగతి ఇద్దరికీ గుర్తే లేదు.

లిఫ్టు బాగయింది. బుల్లెమ్మ సున్నా నొక్కింది. ముగ్గురూ “ఊఁ... ఊఁ...” అనుకుంటూనే కిందికి దిగారు.

తలుపు తెరుచుకోగానే అతను పెట్టె పట్టుకుని, వస్తానని కూడా అనకుండా వెళ్లిపోయాడు. పాపతో అమ్మ గేటు దాకా పరిగెత్తేసరికి అతని వ్యాను మలుపు తిరిగిపోయింది.

అమ్మ మళ్లీ అదే నంబరుకు ఫోన్ చేసింది.

“ఇందాక నోరు జారానండీ, మనసులో పెట్టుకోకండి. ఎప్పుడు రిపేరొచ్చినా ఆయన్నే పంపండి. మా పాపకి ఆటిజం. దాన్ని నవ్వించారు, నన్ను దాని ఆటలోకి రానిచ్చేలా చేశారు! అంత ఓపిక ఆయన ఎక్కడ నేర్చుకున్నారండీ?”

అవతల మెత్తటి నవ్వు.

“నేర్చుకోవడమేముందమ్మా, వాడూ మీ పాపలాంటివాడే,” అంది పెద్దావిడ. “తొమ్మిదో ఏడు వచ్చేదాకా నన్ను అమ్మా అని పిలవనేలేదు.”