ఆరడుగుల బ్లేడు

"అది నీ బండికి వద్దు, బాబూ."

సొలొమోను చెయ్యి అప్పుడే నేల చదును చేసే ఆ బ్లేడు మీద పడింది. తలతిప్పి చూశాడు.

ఆటోనగర్‌లో పాత ట్రాక్టరు సామాన్లు అమ్మే షాపు. మెట్టు మీద ఓ పెద్దాయన కూర్చుని ఉన్నాడు. మాసిన పంచె, రెండ్రోజుల గడ్డం.

"నా బండేంటో నీకెట్టా తెలుసు?"

"ఇందాక లోపల చెప్పావుగా, ఇరవై నాలుగు హెచ్‌పీ అని. ఇదేమో ఆరడుగుల బాక్సు బ్లేడు. వెనక ఇంత బరువు వేలాడితే ముందు చక్రాలు తేలతాయి. అదిగో, రెండు షాపుల అవతల నాలుగడుగులవి ఉన్నాయి. పోయి చూడు."

సొలొమోనుకు ఒళ్ళు మండింది.

ఎనిమిదో తరగతిలో బడి మానేసినవాడు. ఈ నలభై ఎనిమిదేళ్ళలో ఎవడు తియ్యగా మాట్లాడినా ఏదో ఒకటి పోగొట్టుకున్నాడు తప్ప బాగుపడింది లేదు. బెజవాడలో ఊరికే సలహా చెప్పేవాడు పుట్టలేదని అతని గట్టి నమ్మకం.

పైగా గడువు తరుముతోంది. మైలవరం అవతల తిరుపతిరావు గారి మామిడితోట చదును చెయ్యాలి. ఇరవై ఎకరాలు. కొమ్మల కింద దూరేది చిన్న ట్రాక్టరే కాబట్టి ఆ పని దక్కింది. సోమవారానికి బ్లేడు కట్టుకుని దిగితే సరే, లేకపోతే ఇంకొకడొస్తాడు. ఈ ఒక్క తోట బాగా చేసి చూపిస్తే చుట్టుపక్కల తోటలన్నీ తనవే. పోయిందా, ఆరు నెలలుగా ఇంటిముందు పడున్న బండి ఇక అమ్ముకోవడమే.

షాపాయన జయకృష్ణ విసురుగా బయటికొచ్చాడు.

"ఏంటి బాబాయ్, మళ్ళీ మొదలెట్టారా? నోరు మెదపనంటేనేగా కూర్చోనిచ్చింది!"

పెద్దాయన తల దించుకున్నాడు. అయినా ఆగలేకపోయాడు.

"సరుకు చెడ్డదని కాదయ్యా. యాభై హెచ్‌పీ బండికి కడితే బంగారం. అంచు చూడు, ఏమన్నా అరిగిందా? ఇతని బండికే..."

"మెచ్చుకునేదీ నువ్వే, వద్దనేదీ నువ్వే!" సొలొమోను నవ్వాడు. మంచి నవ్వు కాదది. "ఆ రెండో షాపువాడు ఎంతిస్తానన్నాడు పెద్దాయనా?"

"నాకెవరిస్తారు నాయనా?"

"ఎవరూ ఇవ్వకుండానే ఈ ఎండలో కూర్చున్నావా? నాలుగడుగులదైతే నాలుగు రోజుల పని వారమవుద్ది. డీజిలు నువ్వు పోస్తావా?"



నిజానికి సొలొమోనుకూ మనసులో ఓ మూల అనుమానంగానే ఉంది. ఆ ముసలాయన వద్దనకుండా ఉంటే ఇంకోసారి ఆలోచించుకునేవాడేమో. కానీ ఇప్పుడు కొనకపోతే ఓ బ్రోకరు చేతిలో మళ్ళీ మోసపోయినట్టే లెక్క.

"ఎక్కించండి. ఇదే తీసుకుంటా."

ట్రాలీ ఆటో కదలబోతుంటే పెద్దాయన మెట్టు దిగి గబగబా వచ్చాడు.

"కొన్నావు, సరే. బండి ముందు రెండు ఇసక బస్తాలు కట్టుకో. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం బ్లేడు పైకి లేపమాక."

సొలొమోను అటు చూడనైనా చూడలేదు.

"పోనియ్యవయ్యా."

సోమవారం పొద్దున తోటలో మొదటి రెండు వరసలూ అద్దంలా వచ్చాయి.

"పర్లేదే సొలొమోనూ!" అన్నాడు తిరుపతిరావు గట్టు మీద నుంచి.

ఆ మాటకు ఒళ్ళు తేలికైంది. మూడో వరస చివర నేల ఎత్తు లేచింది. మలుపు తిప్పడానికి బ్లేడు పైకి లేపాడు.

ముందు చక్రాలు కూడా లేచాయి.

స్టీరింగు కుడికి తిప్పాడు. ఎడమకు తిప్పాడు. చక్రాలు గాల్లో తిరుగుతున్నాయి. క్లచ్చి తొక్కేసరికి బండి వెనక్కి జారింది. రెండో కాలు బ్రేకు మీద వేసి నిలబడ్డాడు. బండి ఆగలేదు.

"ప్రభువా!"

బ్లేడు వెళ్ళి గట్టుకు కొట్టుకుంది. ముందు చక్రాలు దబ్బున కింద పడ్డాయి. సీటు కింద ఏదో ఫెళ్ళుమంది.

వెనక గేర్లుండే హౌసింగు పగిలి, ఎర్రమట్టిలోకి ఆయిలు ధారగా కారిపోతోంది. సొలొమోను సీటులోనే కూర్చుని చూస్తున్నాడు. చెయ్యి అడ్డం పెడితే ఆగేది కాదు.

తిరుపతిరావు పరుగెత్తుకొచ్చాడు.

"దెబ్బలేమన్నా తగిలాయా?"

"లేదండీ."

"దేవుడి దయ." పక్కకు వెళ్ళి ఫోను తీశాడు. "నాలుగు కొమ్మలు పోతే పోయినయ్‌లే, జేసీబీ పంపించు."

సొలొమోనుకు ఆ మాట వినపడింది.

గురువారం బస్సెక్కి ఆటోనగర్ వచ్చాడు. మెట్టు ఖాళీగా ఉంది.

అతన్ని చూడగానే జయకృష్ణ మొహం బిగుసుకుంది.

"పాత సరుకు వాపసు తీసుకోమండీ. ముందే చెప్పా."

"వాపసుకు రాలేదులెండి. ఆ పెద్దాయన ఏ షాపు మనిషో చెప్పండి చాలు. నోరు జారాను. కనపడి ఓ మాట చెప్పుకుని పోతా."

"ఏ షాపు మనిషీ కాదండీ. అబ్రహాము గారని, నాగాయలంక అవతల ఏదో ఊరు. మీరు వెళ్ళిన సాయంత్రమే వెళ్ళిపోయాడు. ఫోను కూడా లేదాయనకి."

"మరి ఇక్కడ కూర్చుని వచ్చినోళ్ళకి అడ్డం పడటం దేనికి?"

జయకృష్ణ ఖాళీ మెట్టు వైపు చూశాడు.

"అమ్మకానికి సామాను పెట్టినవాళ్ళు కొనేవాళ్ళ ముందు నోరెత్తకూడదని మా దగ్గర పద్ధతండీ. ఎంత చెప్పినా వినలేదు. భార్యను ఆసుపత్రిలో పెట్టుకుని తొమ్మిది రోజులు ఆయన ఆ మెట్టు మీద కూర్చుంది మీరు కొన్న బ్లేడు అమ్ముడుపోతుందనేనండీ, అది ఆయనదే."