డోరా సీటు

మా మనవరాలు డోరా రష్యాలో డాక్టరీ చదివింది. ఇక్కడ వైద్యం చేయాలంటే మళ్లీ పరీక్ష పాసవ్వాలి. రెండుసార్లు తప్పింది. పగలంతా ఆస్పత్రి కౌంటర్లో ఉద్యోగం. చదువుకోవడానికి దొరికేది సికింద్రాబాద్ బస్సులో గంటే.

అందుకని రోజూ నేను మూడు స్టాపులు వెనక్కి నడిచి, అల్వాల్‌లో బస్సు బయలుదేరే చోటే ఎక్కి సీటు పట్టేవాణ్ని. మా స్టాపులో డోరా ఎక్కగానే తనను కూర్చోబెట్టి దిగిపోయేవాణ్ని. నాకు చదువు అంతంతమాత్రమే గానీ, సీటు పట్టడంలో నన్ను మించినవాడు లేడు.

పరీక్షకు ఇంక పది రోజులే ఉన్నాయి. ఆవేళ జనంలో దిగలేకపోయాను. తర్వాతి స్టాపులో నిండు కడుపుతో ఒకామె ఎక్కి, నేరుగా మా దగ్గరికొచ్చింది. డోరా లేవబోయింది.

"కూర్చో!" అని అరిచాను. "ఏమ్మా, మా పిల్లకు పరీక్షుంది. ఇంకో సీటు చూసుకో."

బస్సంతా నా మీద పడింది. "ఏంది పెద్దమనిషీ, జెర మనిషిలెక్క మాట్లాడు!"

ఆమె మాత్రం నవ్వింది. "అక్క చెప్పే తాతవు నువ్వేనా? రోజూ నువ్వు దిగినంక ఈ సీటు నాదే. అక్క నిలబడే చదువుతది."

డోరా తలెత్తలేదు. లేచి ఆమెను కూర్చోబెట్టింది.

నేను డోరా చేతిలోంచి పుస్తకం లాక్కుని, తన ముఖం ముందు తెరిచి పట్టుకున్నాను.

"కానియ్. పేజీ తిప్పాలంటే చెప్పు."