మూత కింద కీమా

మా కోడలు భార్గవి వంటింటి తలుపేసుకోని వండుతాంటేనే నాకు అనుమానమొచ్చింది. గుడ్డు గూడా గడప దాటని ఇల్లు మాది. ఆళ్లగడ్డ బజార్లో అంగడి పెట్టుకున్నోళ్లం, నలుగురి కండ్లూ మా మీదే ఉంటాయి.

తలుపు తోసినా. నన్ను చూసి గబుక్కున గిన్నె మీద మూత పెట్టింది. నేను తీసినా. టమోటా గుజ్జు కుతకుత ఉడుకుతాంది. దాంట్లో సన్నసన్న తునకలు, అచ్చం కీమానే. పక్కన పళ్లెంలో సేమ్యా కంటే లావుగా, మూరెడు పొడుగు పోగులు. సెల్‌ఫోన్లో ఎవరో దొరసాని మాంసం కలబెడతాంది.

“ఏందే ఇది?”

“స్పగెట్టీ అత్తా.”

“గుజ్జులో ఏందని అడుగుతాండా.”

“మాంసం బదులు మీల్‌మేకర్ తరిగి ఏసినా. దేవుని మీద ఒట్టు.”

“ఒట్లు నా దగ్గర పెట్టొద్దు. ఈ పొద్దే మీ నాయన్ని పిలిపిస్తా.”

ఆ పిల్ల కండ్లలో నీళ్లు తిరిగినాయి. అయినా నేను నమ్మలా. గంటెతో నాలుగు తునకలు తీసి, ఊదుకోని, నోట్లో ఏసుకోని నమిలినా.

“సరేలే, కీమా కాదు. కీమా అయితే ఇట్ల రబ్బరు మాదిరి సాగదు.”

భార్గవి కండ్లు తుడుచుకునేది ఆపింది.

“మీకెట్ల తెలుసత్తా?”

నేను పోయి తలుపు గడియ పెట్టొచ్చినా.

“నెలనెలా మోకాళ్ల నొప్పికని నంద్యాలకు పోతా గదా. ఆడ బస్టాండు పక్కన ఒక హోటలుంది.”

కోడలు గిన్నె మీద మళ్లా మూత పెట్టింది.

“ఈసారి నన్ను గూడా తీస్కపోండి అత్తా. నాకూ మోకాళ్లు నొస్తాండాయి.”