తోమిన తూటాలు

ఆ ఉదయం మబ్బు నానక్‌రామ్‌గూడ టవర్ల సగం దాకా దిగి అక్కడే ఆగిపోయింది. వాన పడదు. ఎండ రాదు.

గోపన్‌పల్లి ఫ్లాట్లో పుణ్యవతి చీకటితోనే లేచి, హాల్లో దివాన్ మీది దుప్పటి మడిచింది. అల్లుడు లేచేలోగా చీర మార్చుకోవాలి. హాలుకు తలుపు లేదు.

ఉన్నవి రెండే పడకగదులు. ఒకటి కూతురిదీ అల్లుడిదీ. రెండోది తూటాలది.

అల్లుడు ఉదయ్ భాస్కర్ ఏళ్ల తరబడి పోగేసిన పాతకాలపు తుపాకీ తూటాలు. మందు తీసేసిన ఇత్తడి గొట్టాలు. తాళం వేసిన అద్దాల బీరువాలో వరుసలుగా నిలబడి ఉంటాయి. ఆ గదిలో కిటికీ తెరవకూడదు, తేమ. మనిషి పడుకోకూడదు, ఊపిరి కూడా తేమేనట.

"మా అమ్మకి ఒక తలుపు కావాలండీ. అంతే," అని పోట్లాడి పోట్లాడి, వాటిని అమ్మేయడానికి రసజ్ఞ భర్తను ఒప్పించింది. ఈరోజు హఫీజ్‌పేట్ నుంచి సుబ్బరాయుడు వస్తున్నాడు. ఆయనకూ ఇదే పిచ్చి. నచ్చితే బీరువాతో సహా పట్టుకెళతాడు.

దసరా సెలవు. అయినా ఉదయ్ మెడలో ఆఫీసు ఐడీ కార్డు వేలాడుతూనే ఉంది.

"స్నానానికైనా తీస్తారా దాన్ని?" అంది రసజ్ఞ. చాలా రోజులకు నవ్వింది.

సుబ్బరాయుడు వచ్చాడు. బీరువా ముందు వంగి అద్దంలోంచి చూశాడు.

"పై వరుస ఏదండీ?"

పై వరుస ఖాళీగా ఉంది.

అవి వంటింట్లో దొరికాయి. పరిచిన గుడ్డ మీద, దీపపు కుందుల మధ్య బోర్లించి ఉన్నాయి. పూజ చెంబుల్లా తళతళలాడుతున్నాయి. పనిమనిషి కిష్టమ్మ చేతులు తుడుచుకుంటోంది.

"ఇత్తడివన్నీ చింతపండేసి తోమమంటిరి గదమ్మా! కుందుల పక్కనే ఉండె. ఎంత నల్లగైనయో! ఇగ జూడుండ్రి, బంగారమే!"

సుబ్బరాయుడు ఒకటి తీసి అడుగున వేలితో తడిమాడు.

"ఆ నలుపే వీటి వయసండీ. పోయాక రాదు. వీటి కోసమే వచ్చాను. మిగతావి నా దగ్గరా ఉన్నాయి."

కాఫీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

రసజ్ఞ తల్లి వైపు తిరిగింది. "తోమడానికి సామాను ఏరి పెట్టింది నువ్వేగా అమ్మా?"

"నేనేనమ్మా." పుణ్యవతి కొంగు నలుపుకుంది. "ఇవి తీసినట్టు గుర్తులేదు. ఏమో... కళ్లూ సరిగా ఆనటంలేదు."

"అమ్మా!"

"పోనీలే రసజ్ఞా," అన్నాడు ఉదయ్ మెల్లగా. "పెద్దావిడ. అత్తయ్యా, మీరేం బాధపడకండి."

ఆ మంచితనానికి రసజ్ఞ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"ఇక ఆ గది ఊసెత్తనండీ," అంది.

"నాకు హాలే బాగుంది బాబూ," అంది పుణ్యవతి. "గాలి వస్తుంది."

మధ్యాహ్నం ముగ్గురూ బల్ల దగ్గర కూర్చున్నారు. పప్పు, వంకాయ కూర, పెరుగు. పుణ్యవతి తల ఎత్తకుండా అన్నం కలుపుతోంది.

పెరుగు గిన్నె కోసం ఉదయ్ ముందుకు వంగినప్పుడు ఐడీ కార్డు తిరగబడి, దాని వెనక కట్టి ఉన్న బీరువా తాళంచెవి, ఆ బీరువాకి ఉన్న ఒకే ఒక్క తాళంచెవి, కంచం అంచుకు తగిలి టంగుమంది.