తిప్పన్న మడుగు

మడుగు పక్కన తడి ఇసుకలో మళ్లీ అవే అడుగులు. ఎడమకాలి బొటనవేలు పక్కకు తిరిగిన అడుగులు. చూడగానే తిప్పన్నకు తెలిసిపోయింది. అవి వీరప్పవి. తన భార్య ఆంజినమ్మకు సొంత అన్నవి.

అది రెండువేల మూడో సంవత్సరం. వానలు ముఖం చాటేశాయి. పామిడి దగ్గర పెన్నలో ఇసుక తప్ప ఏమీ మిగల్లేదు. వలలు పట్టిన వాళ్లంతా మూట కట్టుకుని బెంగళూరు పనులకు పోయారు. తిప్పన్న ఒక్కడే పోలేదు. పది రోజులు ఏటి పొడవునా తిరిగి, బండల సందున మోకాలి లోతు మడుగొకటి కనిపెట్టాడు. చేప ఎక్కడ దాక్కుంటుందో తనకు తెలిసినట్టు ఇంకొకడికి తెలియదని అతని నమ్మకం. నమ్మకం వమ్ము కాలేదు. రోజూ గాలానికి రెండో మూడో కొరమీన్లు పడుతున్నాయి. బస్టాండు దగ్గర అమ్ముకుంటే ఇల్లు గడుస్తోంది.

ఇప్పుడు దానిమీద కన్ను పడింది.

వీరప్పతో మాటలు లేక ఏడాదయింది. కరువు మొదట్లో ఆయన బియ్యం బస్తా పంపితే, తిప్పన్న వాకిట్లోనుంచే తిప్పి పంపాడు. ఒకరి దయ మీద బతకడం తమ ఇంటా వంటా లేదన్నాడు. ఆ కసి ఇట్లా తీర్చుకుంటున్నాడన్నమాట.

"బావి నిండా చేపలు పెంచుకుంటాండాడు. అవి చాలక నా మడుగు మీద పడినాడు మీయన్న," అన్నాడు ఇంటికొచ్చి.

ఆంజినమ్మ తలెత్తలేదు. "ఏట్లో నడిచినోళ్లంతా దొంగలేనా? సంగటి తిని పో," అంది.

అదీ అనుమానమే. ఈ మధ్య బాగా పొద్దెక్కేదాకా ఆమె ఏదో ఒక పని చెప్పి తనను కదలనివ్వడం లేదు. అన్నాచెల్లెళ్లు కూడబలుక్కున్నారా? వాడు ఎత్తుకుపోతుండగానే రెండు మూడు పడుతుంటే, వాడు రాకపోతే ఎన్ని పడేవో. ఆ లెక్కతో అతనికి ఆ రోజు ముద్ద దిగలేదు.

మరునాడు పొద్దున్నే, ఆంజినమ్మ నీళ్ల ట్యాంకరు దగ్గర వరసలో నిలబడి ఉండగా, తిప్పన్న కట్టె చేతబట్టి బయలుదేరాడు. మడుగు దగ్గర తుమ్మచెట్ల వెనక నక్కి కూర్చున్నాడు.

కాసేపటికి వీరప్ప సైకిలు తోసుకుంటూ వచ్చాడు. వెనక క్యారియరుకు గుడ్డతో మూతి కట్టిన బిందె. ఆగి, అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరని రూఢి చేసుకుని, పంచె ఎగగట్టి, బిందెతో నీళ్లలోకి దిగాడు.

దొంగ దొరికాడు. తిప్పన్న కట్టె బిగించి లేచాడు.

వీరప్ప బిందె మూతికున్న గుడ్డ విప్పి, మెల్లగా వంచి, ప్రాణంతో ఉన్న మూడు కొరమీన్లను తిప్పన్న మడుగులోకి వదిలాడు.