స్కిప్ పిలుస్తున్నాడు

ఫోన్ పెట్టేశాక డ్రిస్కల్ చాలాసేపు కుర్చీలోంచి లేవలేదు. పై ఆఫీసువాళ్ళు రెండు ముక్కల్లో తేల్చేశారు. లామార్ పెటిగ్రూని జట్టులోంచి తీసేయాలి. అతని చోటికి కొత్త కుర్రాడొకడు రేపే దిగుతున్నాడు.

బెల్‌ఫోర్డ్ బీవర్స్ అనే ఈ చిన్న బేస్‌బాల్ జట్టుకి డ్రిస్కల్ మేనేజరు. ఆటగాళ్ళంతా 'స్కిప్' అంటారు. ఎవరికైనా పెద్ద లీగ్ నుంచి పిలుపొస్తే ఆ కబురు చెప్పేది అతనే. అయితే తిన్నగా చెప్పడు. గదిలోకి పిలిచి, తలుపేసి, ముందు ప్రాణాలు తోడేస్తాడు. మొన్న బంతి విసిరే పిచ్చర్‌ ఒకణ్ణి "ఆట మధ్యలో హాట్‌డాగ్ మింగావట, ఇంటికి పో" అని ఏడిపించి, వాడు కళ్ళు తుడుచుకునేలోపు విమానం టికెట్ చేతిలో పెట్టాడు. అందుకే 'స్కిప్ పిలుస్తున్నాడు, మండిపడుతున్నాడు' అన్న మాట వినబడితే చాలు, లాకర్ గదిలో చప్పట్లు మోగుతాయి.

లామార్‌కి ఆ చప్పట్లు ఎన్నడూ దక్కలేదు. పన్నెండేళ్ళుగా మైదానం నడిమి భాగం, ఆ సెంటర్ ఫీల్డ్‌కి వాడే రాజు. బంతి ఇంకా గాల్లో ఉండగానే దాని కిందికి చేరిపోయేవాడు. వాడు మొదటి బేస్ మీద నిలబడ్డాడంటే అవతలి పిచ్చర్‌కి చెమటలు పట్టేవి. కన్ను మూసి తెరిచేలోగా పరుగుతీసి రెండో బేస్ కాజేసేవాడు. కాళ్ళకి లోటు లేదు గానీ, బ్యాటే కాస్త బద్ధకించేది. పెద్ద లీగ్‌లో ఒక్కటంటే ఒక్క ఆట ఆడాలని వాడి కోరిక. ఈ ఏడు మోకాలు కూడా మొరాయించింది.

ఆ టికెట్ వాడి చేతిలో పెట్టాలని డ్రిస్కల్‌కీ ఆశే. ఆ రోజు ఏం చెప్పి ఏడిపించాలో కూడా ఎప్పుడో అనుకుని పెట్టుకున్నాడు.

"రా, కూర్చో" అన్నాడు లామార్ లోపలికి రాగానే.

"వద్దులెండి స్కిప్. కూర్చుంటే ఈ మోకాలు మళ్ళీ లేవనివ్వదు."

డ్రిస్కల్ గోడకేసి చూస్తూ అనేశాడు. "నిన్ను తీసేశార్రా. ఇవాళ్టితో సరి."

లామార్ పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు.

"మొత్తానికి నన్నూ పిలిచారన్నమాట."

వీడు జోకనుకుంటున్నాడని డ్రిస్కల్‌కి అర్థమైంది.

"వేళాకోళం కాదురా అబ్బాయ్. నిజం చెబుతున్నా."

"నేను కాదన్నానా?" లామార్ పొట్ట పట్టుకుని మరీ నవ్వుతున్నాడు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి. "మీరలా మొహం పెట్టకండి స్కిప్, నేను చూడలేను."

ఇన్నేళ్ళూ ఆడిన నాటకాలు ఇప్పుడు తన మెడకే చుట్టుకున్నాయి. ఇంకో మాట అనేలోపే లామార్ బల్ల చుట్టూ తిరిగి వచ్చి, గట్టిగా కావలించుకుని, బయటికి వెళ్ళిపోయాడు. లాకర్ గది చప్పట్లతో దద్దరిల్లింది. ఎవడో ఈల కూడా వేశాడు.

అందరి ముందూ చెబితే వాడి పరువు పోతుంది. చెప్పకపోతే పెట్టె పట్టుకుని విమానాశ్రయానికి పోతాడు. డ్రిస్కల్ తనని తాను తిట్టుకుంటూ, వయసు మరిచి, వెనక గుమ్మంలోంచి కార్లు నిలిపే చోటికి పరిగెత్తాడు.

లామార్ ఇంకా రాలేదు. కారులో వాడి భార్య యోలాండా ఒక్కతే కూర్చుని ఉంది. వెనక సీటు నిండా అప్పుడే సంచులు ఎక్కించి ఉన్నాయి. వీడికి అన్నిట్లోనూ తొందరే అనుకున్నాడు డ్రిస్కల్.

"అమ్మా, నా చెంప పగలగొట్టినా పడతాను" అన్నాడు రొప్పుతూ. "ఇవాళ నేను జోకు వెయ్యలేదు. లామార్‌ని నిజంగానే తీసేశారు. పిచ్చివాడు నమ్మట్లేదు. నువ్వే ఎలాగో నచ్చజెప్పు."

యోలాండా కిటికీలోంచి చెయ్యి చాపి అతని చెయ్యి పట్టుకుంది.

"తెలుసండీ, ఆ కొత్త కుర్రాడు నిన్ననే ఫోన్ చేసి మా అద్దె ఇల్లు ఎప్పుడు ఖాళీ చేస్తారని అడిగాడు, ఈ కబురు చెప్పలేక మీరెక్కడ ఏడ్చేస్తారోనని మా ఆయన పొద్దుట్నుంచీ అద్దం ముందు నిలబడి నవ్వడం ప్రాక్టీసు చేశాడు."